పద్నాలుగు క్రాపీలు

తలుపు ఎవరో రెండుసార్లు తట్టారు.

గడ్డకట్టిన సరస్సు మంచులో తొలిచిన కన్నం మీదికి వంగి కూర్చున్న ఎల్డన్ విసుక్కున్నాడు.

పొద్దున్నుంచీ ఒక్క క్రాపీ చేప పడలేదు. నీళ్లలోకి దించిన కెమెరా తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. ఎర చేప దాకా వస్తాయి, వాసన చూస్తాయి, అలిగిన వియ్యపురాళ్లలా మూతి తిప్పుకుని పోతాయి.

ఇవాళ పడకపోతే వీల్లేదు. కీమో మొదలయ్యాక తిండి మొహం చూడటమే మానేసిన భార్య మార్లిస్, మూడు వారాలకి నిన్న నోరు తెరిచి అడిగింది.

"క్రాపీ వేపుడు తినాలనుంది, ఎల్డన్."

అందుకే శనివారం తెల్లారకుండానే సరస్సు మీదికొచ్చి ఈ చెక్కగదిలో కూర్చున్నాడు.

తలుపు తీస్తే ఎదురుగా ఒక ముసలాయన, చేతిలో బకెట్టు.

"హాల్వర్‌సన్ గారంటే మీరేనాండీ?"

"తలుపు మీద అంతేసి అక్షరాలతో రాసుంది కదా. చదవడం రాదా?"

ముసలాయన నొచ్చుకోలేదు. "చేపలు పడటం లేదేమోనని..."

"పడితే నీకేంటి, పడకపోతే నీకేంటి?"

"అది కాదండీ. మీ ఎర చేప మరీ పెద్దదిలా ఉంది. ఈ చలికి క్రాపీలకి బద్ధకం. చిటికెన వేలి కణుపంత చేపపిల్లని కట్టండి. తోక దగ్గర గుచ్చితే బాగా ఆడుతుంది."

"ముప్పై ఏళ్లుగా ఈ చెరువు మీద కూర్చుంటున్నా. నువ్వొచ్చి నేర్పక్కర్లేదు."

"పోనీ, నాకు రెండు పడ్డాయి. ఇవి ఉంచండి. నేను..."

"ముష్టెత్తుకోడానికి రాలేదయ్యా నేనిక్కడికి!"

తలుపు దభీమని మూసేశాడు.

ఎర డబ్బాలో చిన్న చేపపిల్లలు లేకపోలేదు. పంతం కొద్దీ వేలెడంత దాన్నే మళ్లీ గాలానికి గుచ్చాడు.

కిటికీలోంచి చూస్తే, ముప్పై అడుగుల దూరంలో ముసలాయన చలిగాలిలో, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. మూడోది లాగాడు. నాలుగోది. అయిదోది. రెండేసి పడగానే లేచి ఎల్డన్ గది వెనక్కి వెళ్లి వస్తున్నాడు. ఆయన ట్రక్కు ఉన్నది అటే.

"ఓహో, ట్రక్కులో దాచుకుంటున్నాడన్నమాట."

చట్టం ప్రకారం రోజుకి మనిషికి పది చేపలే. పదకొండోది పడితే తిరిగి నీళ్లలోకి వదిలెయ్యాలి. ముసలాయన వదల్లేదు.

ఎల్డన్ ఫోను తీసి, చేపల వేట మీద నిఘా ఉంచే వార్డెన్‌కి కబురు చెప్పాడు. చట్టం మీద గౌరవంతో చేశాడనుకునేరు. కాదు, కడుపు మండి చేశాడు.

వార్డెన్ వచ్చేసరికి లెక్క పద్నాలుగైంది.

"మీకెన్ని పడ్డాయి?" అని ముందు ఎల్డన్‌నే అడిగాడు వార్డెన్.

"ఒక్కటీ పడలేదు సార్! పడనిస్తేగా! చెరువంతా ఆయనే ఊడ్చేశాడు. పద్నాలుగు! నా కళ్లతో లెక్కపెట్టాను."

వార్డెన్ ముసలాయన లైసెన్సు చూశాడు. "వెండెల్ ఫాస్. ఏదీ, బకెట్టు చూపించండి."

బకెట్టులో ఎర చేపపిల్లలు తప్ప ఏమీ లేవు. ట్రక్కు వెతికాడు. అక్కడా లేవు.

"పట్టిన చేపలేవండీ?"

ముసలాయన తల దించుకున్నాడు.

వార్డెన్ మంచులో బూట్ల జాడ పట్టుకుని నడిచాడు. జాడ ట్రక్కు దాకా పోనేలేదు. ఎల్డన్ గది వెనక, పసుపుపచ్చ బకెట్టు దగ్గర ఆగిపోయింది. అందులో పద్నాలుగు క్రాపీలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఈ బకెట్టు ఎవరిది?"

అది ఎల్డన్‌దే. పొద్దున చేపల కోసమని తెచ్చి, తనే అక్కడ పెట్టుకున్నాడు.

"నాదే సార్. చేపలు కూడా నావే. నేనే పట్టాను."

"ఒక్కటీ పడలేదని ఇప్పుడేగా అన్నారు?"

ముసలాయన ముందుకొచ్చాడు.

"ఆయన్ని వదిలేయండి సార్," అన్నాడు ముసలాయన. "పట్టింది నేనే. అన్నీ చిన్నవే పడ్డాయి. ఒక పూటకి చాలవేమోనని ఇంకో నాలుగు పట్టాను. తెలిసే చేశాను."

వార్డెన్ జరిమానా చీటీ రాసిచ్చాడు. పద్నాలుగు చేపలూ సంచీలో వేసుకున్నాడు.

క్షమించమని అడగాలి. కానీ ఎల్డన్ ముసలాయన మొహం వంక చూడలేక, తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా వెలుగుందండీ," అంటూ ముసలాయన తన ఎర చేపపిల్లల్ని ఎల్డన్ డబ్బాలో ఒంపాడు. "చిన్నవి కట్టి చూడండి."

ట్రక్కు వెళ్లిపోయింది. ఎల్డన్ మళ్లీ గాలం పట్టుకోలేకపోయాడు. చేతులు రాలేదు.

ఇంటికి వెళ్లేసరికి మార్లిస్ దుప్పటి కప్పుకుని వంటింట్లోనే కూర్చుని ఉంది. పెనం పొయ్యి మీద పెట్టి మరీ ఎదురుచూస్తోంది.

"పడలేదా? పోనీలే."

ఆ పోనీలే వినేసరికి ఎల్డన్ తట్టుకోలేకపోయాడు. జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. ముష్టి అన్న మాట కూడా.

"ఎవరాయన?"

"ఎవరో తెలీదు. వెండెల్ ఫాస్ అట."

మార్లిస్ లేచి పొయ్యి ఆర్పేసింది.

"ఆ పేరు నీకు పదిసార్లు చెప్పాను, ఒక్కసారైనా విన్నావా? నిన్న ఫోను చేస్తే క్రాపీ సంగతి ఆయనకీ చెప్పాను. నువ్వు మిల్లుకి పోయాక, ప్రతి మంగళవారం నన్ను కారులో డెబ్బై మైళ్లు కీమోకి తీసుకెళ్లి, నేను వాంతి చేసుకుంటుంటే గిన్నె పట్టుకుని కూర్చునేది ఆయనే, ఎల్డన్."