వాసన పడదు

క్యాన్సర్‌కి తీసేసిన రొమ్ము స్థానంలో ఇంప్లాంట్ పెట్టే ముందు డాక్టరమ్మ ఆమెని అడిగింది. "సిగరెట్ అలవాటుందా? ఉంటే గాయం మానదు. సిగరెట్ మానేసిన ఆరు వారాల తర్వాతే ఆపరేషన్ చేస్తాను."

ఆమె నోరు తెరిచేలోపే భర్త నవ్వేశాడు. "మా ఆవిడకా? ఆ వాసనే పడదండీ."

ఆమె అవునన్నట్టు తలూపింది.

ఆపరేషనైన ఇరవయ్యో రోజుకి కుట్ల చుట్టూ చర్మం నల్లబడి, చీము పట్టింది. ఇంప్లాంట్ తీసేశారు.

వార్డులో ఆమె భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "తప్పు నాదేనండీ. ఆఫీసు మేడ మీద దాక్కుని రోజూ కాల్చేదాన్ని. మీకు చెప్పలేకపోయాను."

"తెలుసు," అన్నాడతను దుప్పటి సర్దుతూ. "రెండేళ్లుగా తెలుసు."

"మరి డాక్టరమ్మతో అలా ఎందుకన్నారు?"

"ప్రాణం మీదికొచ్చాకైనా నిజం చెబుతావేమో చూద్దామని."