గుంటలాయన

"నిన్ననేగా వేశారు, ఆ దుప్పటి మార్చొద్దమ్మా."

చంకన పిల్లతో, చేతిలో ఉతికిన దుప్పటితో గది గుమ్మంలో నిలబడ్డ ఆమెకి, అందులో దిగిన నెరిసిన గడ్డం మనిషి మాట విని ఒళ్ళు మండింది.

"రోజూ మార్చకపోతే మా లాడ్జీ పరువేం కావాలండీ? ఈ వీధిలో అందరూ మారుస్తారు."

"మార్చినప్పుడల్లా ఉతకాలిగా. ఆ నీళ్ళు ఎటు పోతాయి?"

"చెరువులోకి. ఇంకెటు పోతాయి?"

"మరి మీ బావిలోకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?"

ఆమె దుప్పటి మంచమ్మీద పడేసి వచ్చేసింది.

చెరువు చూడ్డానికి వచ్చేవాళ్ళ మీద బతికే ఊరది. గట్టు పొడుగునా లాడ్జీలే. ఎవరి దండెం మీద దుప్పట్లు ఎంత తెల్లగా ఆరితే వాళ్ళ లాడ్జీకి అంత పేరు. అందుకని పోటీలు పడి గుప్పిళ్ళకొద్దీ బ్లీచింగు పొడి పోసి ఉతికేవాళ్ళు.

ఈ మధ్య చెరువు మీద పచ్చటి తెట్టు కట్టింది. బావి నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన. రాత్రి దిగినవాళ్ళు పొద్దున్నే స్నానానికని కుళాయి తిప్పి, ముక్కు మూసుకుని, మారు మాట్లాడకుండా బ్యాగులు సర్దుకుంటున్నారు.

ఈ సీజను కూడా ఇలాగే పోతే లాడ్జీకి తాళమేసి, పాలు మరవని పిల్లనెత్తుకుని ఊరుకాని ఊరికి కూలికి పోవాలి. అదే ఆమె భయం.

మర్నాడు చూస్తే ఆ మనిషి పెరట్లో పలుగుతో గుంట తవ్వుతున్నాడు.

"ఇదేం చోద్యం నాయనా? గది అద్దెకిచ్చాం గానీ పెరడు తవ్వుకోమన్నామా?" అంది అత్తగారు.

"ఉతికిన నీళ్ళు ఇందులోకి మళ్ళించండమ్మా. అడుగున గులకరాళ్ళు, పైన ఇసుక పోసి, ఆ పైన తుంగ నాటండి, మురికి అక్కడే ఆగిపోతుంది. బ్లీచింగు మానేయండి. దుప్పటి మనిషి మారినప్పుడు మారిస్తే చాలు."

"తెల్లగా లేకపోతే మా లాడ్జీకెవరొస్తారండీ?" అందామె.

"చెరువు లేకపోతే మీ ఊరికెవరొస్తారమ్మా?"

అత్తగారు కోడలి చెవి దగ్గర గొణిగింది. "నీళ్ళకి తవ్వుతున్నాడో, మనల్ని పెట్టడానికి తవ్వుతున్నాడో!"

అక్కడితో ఆగలేదాయన. ప్రతి లాడ్జీ తలుపూ తట్టాడు. హోటలు వాళ్ళకి చెప్పాడు, పడవల వాళ్ళకి చెప్పాడు. ఊరు ఆయనకి గుంటలాయన అని పేరు పెట్టి నవ్వుకుంది.

చివరికి లాడ్జీల సంఘం ప్రెసిడెంటు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఇంతకీ మీదే ఊరు?"

"కొండ అవతల ఊరండీ."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళోనూ చెరువుండేది. అది చెడిపోయి, అక్కడికి వెళ్ళే జనం ఇటు తిరిగాకే ఈ ఊరు నాలుగు రాళ్ళు చూసింది.

"అదీ సంగతి," అన్నాడు ప్రెసిడెంటు. "తన చేను ఎండిందని పక్కవాడి చేలో పశువుల్ని తోలే రకం. చెరువు చెడింది, చెడింది అని నువ్వు దండోరా వేస్తుంటే, వచ్చేవాళ్ళ చెవిన పడితే మా నోట్లో మట్టేగా?"

"వచ్చేవాళ్ళకి చెప్పలేదు బాబూ. మీకే చెబుతున్నాను."

"మాకు చెప్పేంతటి వాడివా?"

"కాను. అయినా వినండి. కాళ్ళు పట్టుకుంటాను."

అని నిజంగానే వంగాడు. నలుగురూ ఘొల్లుమన్నారు.

"అమ్మాయ్, ఈయన సంచి పట్రా," అన్నాడు ప్రెసిడెంటు.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. అత్తగారు కళ్ళెర్రజేసింది. వెళ్ళి తెచ్చిచ్చింది.

ఆయన సంచి అందుకుంటూ పిల్ల వైపు చూశాడు.

"చంటిదానికి ఆ బావి నీళ్ళు పట్టకమ్మా."

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, ఆమె మొగుడు గుంట పూడ్చేశాడు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు తెల్లారేసరికి చెరువునిండా చేపలు వెల్లకిలా తేలాయి. బావి నీళ్ళు నల్లగా మారాయి. కాచి చల్లార్చి పట్టినా పిల్లకి వాంతులు ఆగలేదు, ఒళ్ళంతా పుళ్ళు లేచాయి. వీధిలో ఒక్క గదికీ దీపం లేదు. సంఘం ఆఫీసులో మగవాళ్ళు బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు.

ఇక ఉండబట్టలేక, ఎవరికీ చెప్పకుండా పిల్లనెత్తుకుని ఆమె కొండ అవతలకి బస్సెక్కింది. ఎలాగైనా ఆయన్ని వెంటబెట్టుకు రావాలి. ఒక్క గుంట ఆయన చేత్తో తవ్విస్తే, తక్కినవి ఊళ్ళోవాళ్ళు తవ్వరా?

బస్సు దిగితే అన్నీ తాళాలే. చెరువుండాల్సినచోట నల్లటి బురద బీటలు వారి ఉంది. ఒకే ఒక టీ దుకాణంలో ఓ పెద్దావిడ కూర్చునుంది.

"పిన్నిగారూ, నెరిసిన గడ్డం, పలుగు పట్టుకుని తిరుగుతుంటారు. ఆయనిల్లెక్కడ?"

ఆవిడ ఆమెనీ, చంకన సోలిపోతున్న పిల్లనీ చూసింది.

"మీ ఊరూ తరిమేసిందా?"

ఆమె తల దించుకుంది.

"ఆలస్యంగా వచ్చావు తల్లీ. ఏదో ఊరి బస్టాండులో, బల్ల మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. మొన్ననే కబురొచ్చింది."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

"అన్నీ తెలిసిన మనిషి కదా పిన్నిగారూ, ఈ చెరువునెందుకు కాపాడుకోలేకపోయారు?"

పెద్దావిడ చల్లారిన పొయ్యి వైపు చూస్తూ అంది.

"మా చెరువు పచ్చబడ్డప్పుడు కూడా ఎవరో ఒకాయనొచ్చి ఇలాగే ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడమ్మా. ఆయన్ని మెడపట్టి బస్సెక్కించినవాడు అప్పటి మా లాడ్జీల సంఘం ప్రెసిడెంటు. నువ్వు వెతుక్కుంటూ వచ్చింది ఆ ప్రెసిడెంటునే."