చామంతికి చీకటి

అమలమ్మ బూజుకర్రతో లాగి కొట్టిన దెబ్బకి వెంకటరత్నమ్మ వసారాలో బల్బు హోల్డరులోంచి ఊడి, గచ్చు మీద పడి రెండు చెక్కలయింది. తెల్లారి ఏడయింది. అప్పటికీ అది వెలుగుతూనే ఉంది మరి. ఒళ్లు మండదా?

చప్పుడు విని వెంకటరత్నమ్మ కాఫీ గ్లాసుతో బయటికి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముందు కింద పడ్డ బల్బుని చూసింది. ఆ తర్వాత ఎదురింటి అమలమ్మనీ, ఆమె చేతిలో ఉన్న బూజుకర్రనీ చూసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అమలా? పొద్దున్నే పరాయివాళ్ల గుమ్మంలోకొచ్చి బల్బులు పగలగొడతావా?"

"పడితే మీ వల్లే పట్టింది పిన్నిగారూ! ఎన్నిసార్లు చెప్పాను? మర్యాదగా చెప్పాను, దణ్ణం పెట్టి చెప్పాను. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా మీ లైటు నా చామంతుల మీదే పడి ఏడుస్తోంది. ఒక్క మొగ్గ వేసిందేమో వచ్చి చూడండి!"

చూడ్డానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. గుణదలలో ఆ సందు వెడల్పే అయిదడుగులు. అవతల అమలమ్మ గుమ్మం ముందు సిమెంటు తొట్లలో చామంతి మొక్కలు మోకాలెత్తు పెరిగి, నిగనిగలాడుతూ నిలబడ్డాయి. ఆకులకేం, కావలసినన్ని. మొగ్గ మాత్రం మచ్చుకైనా లేదు.

కంకిపాడు రోడ్డులో నర్సరీ అతను ఫోటో చూడగానే కనిపెట్టేశాడు. మొక్కకి జబ్బేమీ లేదమ్మా, చామంతికి పగలు ఎండ ఎంత కావాలో రాత్రి చీకటీ అంత కావాలి, దీపం వెలుగులో ఉంటే అది ఆకులే వేసుకుంటూ పోతుంది అన్నాడు. నిన్న మళ్లీ అడిగితే, ఇప్పటి నుంచైనా చీకటి చూపిస్తే నవంబరుకి పూలు అందుతాయి, ఇంకో వారం గడిస్తే మాత్రం ఆశ వదులుకోండి అన్నాడు.

నవంబరు రెండున సమాధుల పండగ. అమలమ్మ మొగుడు అబ్రహాము పోయాక వస్తున్న మొదటి పండగ. ఈ చామంతులు అతను ఏటేటా పిలకలు విడదీసి, తన చేత్తో పెంచుకున్నవి. బజారుకెళితే పూలు బుట్టలకొద్దీ దొరుకుతాయి. ఎవరికి కావాలి బజారు పూలు? మొగుడి సమాధి మీద ఆయన పెంచిన పూలే పెట్టాలని అమలమ్మ పట్టుదల.

"మొక్కలకి ఎండ కావాలని విన్నాను గానీ చీకటి కావాలనడం నీ దగ్గరే వింటున్నా" అంది వెంకటరత్నమ్మ. "అంత కావాలంటే రాత్రిళ్లు లోపల పెట్టుకో."

"ఎత్తేదెవరండీ? ఆయనుంటే ఒంటిచేత్తో జరిపేవాడు. చచ్చీచెడీ రెండు తొట్లు లోపలికి ఈడ్చాను. మళ్లీ బయటికి తేలేక అక్కడే వదిలేస్తే, పగలు ఎండ లేక తీగల్లా సాగి పడిపోయాయి."

"అయితే గోనెపట్టాలు కప్పు."

"కప్పాను! వానకి తడిసి, బరువెక్కి, కొమ్మలు విరిగాయి. ఒక్క స్విచ్చి నొక్కడానికి మీకు చెయ్యి రాదు గానీ నన్ను మాత్రం పట్టాలు మొయ్యమంటారు!"

వెంకటరత్నమ్మ గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో కొత్త బల్బు, రెండో చేతిలో ముక్కాలిపీట ఉన్నాయి. పీటని హోల్డరు కింద వేసి, గోడ పట్టుకుని పైకి ఎక్కింది.

అమలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చర్రున వెళ్లి ఆవిడ చేతిలోంచి బల్బు లాక్కుంది.

"ఇదెక్కడి మొండితనమండీ? పోయినేడు ఇవే తొట్లు, ఇదే గుమ్మం. పూలు విరగబూశాయి. ఎందుకు? పోయినేడు మీరు పదికో, పదకొండుకో లైటు ఆపేసేవారు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఇక అప్పట్నుంచీ రాత్రంతా వెలుగుతోంది. అంటే ఏంటి? దీనికి మొగుడు లేడు, ఏం చేసినా అడిగే దిక్కు లేదనేగా? నాకు అర్థం కాదనుకున్నారా?"

"నోర్ముయ్!"

అరిచిన అరుపుకి పీట ఊగింది. అమలమ్మ కోపం మరిచిపోయి గబుక్కున ఆవిడ నడుం పట్టుకుంది. ముసలావిడకి మాత్రం ఉక్రోషం తగ్గలేదు.

"ఎంత మాటన్నావే! ఈ సందులో వీధి దీపమన్నది ఉందా? ఆటోనగర్లో షెడ్డు మూసేసి పొద్దుపోయాక వచ్చేవాడు మీ ఆయన. చీకట్లో బండితో సహా కాలవలో పడతాడని లైటేసి కూర్చునేదాన్ని. నీతో చెప్పుకోలేదు, అంతే. గడియారం చూసి ఆపేదాన్ననుకున్నావా?"

అమలమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "మరి?" అంది.

వెంకటరత్నమ్మ పీట మీద నుంచే ఆమె చేతిలోని బల్బు కోసం చెయ్యి చాచింది.

"అబ్రహాము బండికి స్టాండేసిన చప్పుడు విని ఆపేదాన్నే. ఆ చప్పుడు ఇంకా వినపళ్లేదు."