నల్లట్ట రికార్డు

"సూది కొత్తదేనా తిప్పేస్వామీ? పోయినేడు మాదిరి గీకితే ఊరుకోను," అన్నాడు బాలప్ప.

"కొత్తదేలే అన్నా. నువ్వు గమ్మున కూచో," అన్నాడు తిప్పేస్వామి, రికార్డు ప్లేయరు మూత తీస్తూ.

ధర్మవరంలో పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే తిప్పేస్వామి, ఏడాదికి ఒక్కరోజు ఈ నేతగాడు బాలప్ప ఇంట్లో ఆస్ట్రేలియా పాటలు వేస్తాడు. ఎడ్నమ్మ పాటలు. రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ ఆమే.

డెబ్భై మూడులో కరువుకు మగ్గం ఆగిపోయి, పొయ్యి కూడా ఆగేలా ఉన్నప్పుడు, ఈ దొరసాని గిటారు తగిలించుకుని వచ్చింది. బాలప్ప భార్య లక్ష్మీదేవమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు లొట్టలేసుకుంటూ తిని, ఒక పట్టుచీర కొంది. "మళ్లొస్తే ఇంకో చీర నేనే పెడతానక్కా," అని బాలప్ప మాటిచ్చాడు.

ఆమె రాలేదు. మొదటి రికార్డు వచ్చింది. అట్ట మీద ఆ చీరలోనే ఎడ్నమ్మ బొమ్మ, కింద బాలప్ప పేరూ ఊరూ. అది చూసి అక్కడి నుంచి పదకొండు చీరలకు ఆర్డర్లొచ్చాయి. ఇల్లు గట్టెక్కింది.

తిప్పేస్వామి లెక్కలో ఆ మొదటిదే బంగారం. రెండోదాంట్లో బ్యాండుమేళం ఎక్కువ, గొంతు తక్కువ. మూడోదాంట్లో మళ్లీ ఒట్టి గిటారే. మాట అర్థం కాకపోయినా కళ్లు చెమరుస్తాయి. నాలుగోది ఎనభై ఒకటిలో వచ్చింది. అట్టంతా నలుపు. బొమ్మ లేదు, మూలన పేరొక్కటే. ఆ రోజు బాలప్ప మగ్గం గుంతలోకి దిగలేదు.

అప్పట్నుంచి ఏటా ఆ తేదీకే ఈ ఏర్పాటు. మొదటి రికార్డు అట్టకు బొట్టు పెట్టి, దాని ముందు కొత్తగా నేసిన చీర, ఆమెకు ఇష్టమైన ఉగ్గాని, బజ్జీలు పెడతారు.

"చేతికియ్యలేకపోతినే," అన్నాడు బాలప్ప.

"ఐదేండ్ల నుంచీ ఇదే మాట. నీ చేతనైంది నువ్వు చేస్తాండావు కదా," అంది లక్ష్మీదేవమ్మ.

మిద్దె మీద కాకులు గోల చేస్తున్నాయి. వాకిట్లో జీపు ఆగింది. దిగింది ఎడ్నమ్మే. జుట్టు నెరిసింది, నవ్వు అదే.

లక్ష్మీదేవమ్మ చేతిలోని బజ్జీల పళ్లెం జారి పడింది. ఆమె చూపు ముందుగా దొరసాని పాదాల మీదికి పోయింది.

ఎడ్నమ్మ తన పాట వింది. తన బొమ్మ, దాని ముందు చీర, విస్తరి చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుని ఏదో చెప్పింది.

"నాలుగో రికార్డు ఎవురూ కొనలేదంట," అన్నాడు జీపు డ్రైవరు రామదాసు. "పాటలు మానేసి గొర్రెలు మేపుకుంటాందంట. మా దేశమే నన్ను మరిచిపోయింటే ఈడ నాకు పండగ చేస్తాండారే అంటాంది."

బాలప్ప చీర తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. పదమూడేళ్ల మాట చెల్లింది. ఆయనకూ ఏడుపాగలేదు.

ఎడ్నమ్మ చీర భుజాన వేసుకుని, విస్తరి ముందు కూర్చుని, బజ్జీ కొరుకుతూ ఏదో అడిగింది.

"ఇది ఏం పండగని అడుగుతాందన్నా," అన్నాడు రామదాసు.

తిప్పేస్వామి గబుక్కున పాట సౌండు పెంచాడు.

మసి పూసిన కార్డొస్తే చావు కబురని ఎరిగిన ఆ ఇంట్లో, నల్లట్ట అందిన నాటి నుంచీ ఏటా తప్పకుండా పెడుతున్నది ఆమె తద్దినమేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.