ఇస్త్రీపెట్టెతో ఫోటో

"అమ్మ పక్కన ఇస్త్రీ చేస్తూ పెరిగాను. కష్టం విలువ తెలుసు కాబట్టే ఎన్నికల్లో నిలబడ్డాను." నా కరపత్రంలో మొదటి మాటలివి.

దానికి ఫోటో కోసం అమ్మ ఇస్త్రీ కొట్టుకి వెళ్లాం. ఇస్త్రీపెట్టె పట్టుకుని నవ్వమన్నాడు ఫోటోగ్రాఫర్. నవ్వుతూ నిలబడ్డాను.

కమురు వాసన వచ్చింది. కాలుతున్న పెట్టెని ఎవరి చొక్కామీదో అలాగే ఉంచేశాను. అమ్మ గబుక్కున లాగేసింది.

"అసలెప్పుడైనా ముట్టుకున్నారా సార్?" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"భలేవాడివే! చిన్నప్పుడు నాకంటే బాగా చేసేవాడు బాబూ. అలవాటు తప్పిందంతే," అంది అమ్మ.

నేను తలెత్తలేదు.

అతను ఇంకో ఫోటోకి కెమెరా సరిచేసుకుంటుంటే అమ్మ నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"ఫోటోలో నేనుండాలా నాన్నా? నీ స్నేహితులొచ్చినప్పుడు నన్ను పంపించేసేవాడివి కదా, అలా లోపలికెళ్లిపోనా?"