నెమరు ముద్ద

ఈ కథ మొదట చెప్పింది మేకల కాపరి గంగులప్ప.

చుక్కబర్రెకు కడుపుబ్బితే మేక గుప్పెడు నేలవేము ఆకు తినమంది. బర్రె పొదంతా మేసింది. ఉబ్బరం తగ్గింది గానీ, కడుపులో గడ్డిని అరిగించే కంటికి కనపడని జీవాలూ చచ్చిపోయి, నెమరు ఆగిపోయింది.

"నా నెమరు ముద్ద మింగక్కా. నా కడుపులో జీవాలు నీ కడుపులోకీ వస్తాయి" అంది పక్కనున్న బోడిబర్రె.

"పోయిన ఎండాకాలం నా చింతనీడ లాక్కున్నావు. నీ ఎంగిలి నేను మింగాలా?" అని చుక్కబర్రె మొహం తిప్పుకుంది.

పక్కటెముకలు తేలాక తనే నోరు తెరిచింది. బోడిబర్రె ముద్ద పెట్టింది గానీ, గొంతు దిగలేదు.

"తప్పు చేశానే చెల్లీ" అంది చుక్కబర్రె నీరసంగా. "రేపు మందంతా నన్ను మేక చెప్పిన ఆకే చంపిందంటుంది. అతిగా మేసింది నేను, నీ ముద్ద కాదన్నదీ నేనే. ఆ మాట నువ్వే అందరికీ చెప్పు."