పది గొలుసుల దూరం

సర్వేయరు ఇనుప గొలుసు నేల మీద పరిచేసరికి దాసన్న చూపు తన ఇంటి మీదికి పోయింది.

గొలుసు పరిచిన చోట ఇళ్లు మిగలవని అతనికి చిన్నప్పుడే తెలుసు. రైలు కట్ట వేసే రోజుల్లో ఇలాగే ఒకాయన గొడుగు వేసుకుని వచ్చాడు. ఇలాగే గొలుసు పరిచి జెండాలు పాతించాడు. నెల తిరక్కుండా జెండాల లోపలి ఇళ్లన్నీ నేలమట్టమయ్యాయి. పట్టా ఉన్నవాళ్లకు వేరే చోట స్థలం చూపించారట. దాసన్న నాయనకు పట్టా లేదు. పిల్లల్ని వెంటేసుకుని రెండేళ్లు బంధువుల పంచల్లో తలదాచుకున్నాడు. మూడో ఏడు చనిపోయాడు.

ఇప్పుడు దాసన్నకు సొంత ఇల్లుంది. డోన్‌కు అవతల బేతేలుపేటలో, పద్నాలుగు ఇళ్ల వరుసలో తూర్పు కొసన మొట్టమొదటిది. రాళ్ల గనిలో కూలికి పోయి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పనికిరాదని పారేసిన నాపరాయి ఒక్కొక్కటీ భుజాన మోసుకొచ్చి మూడేళ్లు కట్టాడు. పైన మిద్దె వేసి ఏడాది కాలేదు. భార్య ప్రేమమ్మ మొన్ననే గోడలకు సున్నం కొట్టింది.

పేటకు తూర్పున ఎవరో పట్నం షావుకారు కొన్న బీడుంది. పేట వైపున్న ఆ బీడు అంచున సర్వేయరు మొదటి జెండా పాతించాడు. అక్కడి నుంచి పేట వైపు పది గొలుసులు కొలవాలన్నాడు. పది గొలుసులంటే ఒక ఫర్లాంగు. ఊరి పాలన చూసే యూనియన్ బోర్డు పంపితే వచ్చానన్నాడు. గొలుసు లాగడానికి ఒక మనిషి కావాలనగానే అందరికంటే ముందు దాసన్నే ఉరికాడు.

వెనక కొస పట్టుకున్నది బోర్డు బంట్రోతు బసవన్న. సర్వేయరు కాస్త దూరంగా ఉన్నప్పుడు దాసన్న అతన్ని మెల్లగా అడిగాడు.

"ఈ కొలత దేనికి బసవన్నా?"

"ఫర్లాంగు లోపల ఎన్ని ఇండ్లు ఉండాయో రాసుకోని రమ్మన్నారంట. అంతకు మించి మాకు యాడ చెప్తారప్పా!"

దాసన్నకు అంతకు మించి అక్కర్లేకపోయింది. మొదటి గొలుసు బిగించి లాగి, మేకు గుచ్చి, అక్కడే నిలబడి కళ్లతో అంచనా వేసుకున్నాడు. ఇలాగే పోతే పదో గొలుసు కొస తిన్నగా తన వంటింట్లో పొయ్యి పక్కన పడుతుంది.

రెండో గొలుసు నుంచి అతని చేతులు మాట వినలేదు. దారంతా ముళ్లకంప. కంపల్లో గొలుసును వదులుగా వేలాడనిచ్చాడు. రెండు మూడు కడియాలు మెలిపడితే సరిచేయలేదు. మేకు మూరెడు వెనక్కి గుచ్చాడు. ప్రతి గొలుసుకూ మూరెడు.

బసవన్న చూడనే చూశాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"నీకు ఇల్లుండాది గదన్నా. నన్నూ ఉండనీ."

బసవన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పూటకు దాసన్నకు అతనే దేవుడు.

పదో మేకు గడపకు రెండడుగుల ఇవతల దిగింది.

సర్వేయరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. గడప వైపు ఒకసారి, మేకు వైపు ఒకసారి చూశాడు.

"ఇదెవరి ఇల్లు?"

"నాదే సామీ."

"రెండడుగుల్లో బయటపడిందే. గొలుసు బిగించే లాగావా? కావాలంటే ఇంకోసారి కొలుద్దాం."

దాసన్న గబగబా గొలుసు చుట్టేయబోయాడు.

"బిగించే లాగినా సామీ. ఆ ఏసుప్రభువు సాక్షి."

"చూడు, నేను ఒకసారి రాశానంటే మళ్లీ మార్చడానికి ఉండదు."

"రాసుకోండి సామీ. ఏమీ మార్చొద్దు."

సర్వేయరు ఏదో చెప్పబోయాడు. పక్కనే బోర్డు బంట్రోతు ఉండడం చూసి ఊరుకున్నాడు. మామూలు అడగబోయి మొహమాటపడ్డాడని దాసన్న అనుకున్నాడు. పుస్తకంలో రాసింది ఏమిటో అడక్కుండానే వేలిముద్ర వేశాడు.

సర్వేయరు గొడుగు కనుమరుగయ్యాక ప్రేమమ్మ బయటికొచ్చింది.

"ప్రభువు పేరు చెప్పి అబద్ధమాడినావే!"

"ఆదివారం నేను చెప్పుకుంటాలే. ఇల్లు నిలబడింది గదా."

అన్నాడే గానీ ఆదివారం గుడిలో మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. అది పాపానికి ఏడుపో, సంతోషానికి ఏడుపో అతనికే తెలియలేదు. కొలత తమ ఇళ్ల దాకా రాలేదని అప్పటికే తెలిసిన పేటవాళ్లు, బయటికి రాగానే అతని చుట్టూ మూగారు. ముసలి విశ్వాసమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "సల్లగుండు నాయనా. మన పేటను కాపాడినావు" అంది. దాసన్న పుట్టాక అతన్ని పదిమంది మెచ్చుకోవడం అదే మొదలు.

నలభై రోజులు గడిచాయి. పేట బడిలో చదువు చెప్పే దావీదురాజు అయ్యవారు పని మీద యూనియన్ ఆఫీసుకు పోయి, తలుపుకు అంటించిన ఉత్తరువును కాగితం మీద రాసుకొచ్చాడు. పేటంతా గుమిగూడింది. అందరి ముందూ దాసన్న నిలబడ్డాడు.

"చదువు అయ్యవారూ. ఫర్లాంగు లోపల మన ఇల్లు ఒక్కటీ లేదనే గదా రాసినారు?"

"అట్లే రాసినారు దాసన్నా" అన్నాడు దావీదురాజు, అతని మొహంలోకి చూడకుండా.

తర్వాత కాగితం విప్పి చదివాడు.

"జనులు కాపురముండే ఇల్లు ఫర్లాంగు లోపల ఒక్కటి ఉన్ననూ తోళ్ల కార్ఖానా పెట్టనీయరాదను నిబంధన ప్రకారం కొలత వేయించగా, అట్టి ఇల్లు ఒక్కటియు లేదని తేలినందున, బేతేలుపేటకు తూర్పున గల బీడులో కార్ఖానా కట్టుకొనుటకును, దాని మురుగునీరు పడమటి దిక్కుకు వదులుకొనుటకును షావుకారు గారికి ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది."